ఈరన్న ఇంట్లో ఆ రోజు

యెమ్మిగనూరు
8 నవంబరు 2024

తిరుపాల్ అన్నకు,

నిన్న మధ్యలోనే ఫోన్ పెట్టేసినావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఫోన్లో మనిద్దరికీ ఎప్పుడూ ఇంతే. నాలుగు మాటలయ్యేసరికి నీ గొంతు లేస్తుంది, దాని మీదికి నా గొంతు లేస్తుంది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు నీకు. మీ షెడ్డు పక్కన కిరాణా అంగడాయన అడ్రసు వదిన ఒకసారి చెప్పింది, దానికే పంపిస్తున్నా.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మంగళవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మన ప్రదీప్ బడిలో తన క్లాసు పిల్లవాడు ఈరన్నను కొట్టినాడు. ఉత్త చేత్తో కాదు. వరండాలో విరిగిన బెంచీ కాలు పడి ఉంటే దాన్ని తీసుకుని కొట్టినాడు. ఈరన్న తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మా హెడ్మాస్టరు జోయల్ సారు తన బండి మీద ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు వేయించినాడు. ఆ చెయ్యి అడ్డం రాకుంటే దెబ్బ తలకే తగిలేదన్నా.

ఎవరు కొట్టినారని సారు అడిగితే పిల్లలెవరూ నోరు విప్పలేదు. మేడం మేనల్లుడు కదా అని భయం. నేను వరండా చివర నిలబడి చూసినాను. చూసింది చెప్పినాను. నీకు కోపమొచ్చింది ఆ మాటకే అని తెలుసు.

ఎందుకు కొట్టినావురా అంటే మాత్రం ప్రదీప్ పలకడు. పెట్టింది తింటాడు, పుస్తకం తెరుచుకుని కూర్చుంటాడు, పేజీ తిప్పడు. వాడితో నువ్వొకసారి నెమ్మదిగా మాట్లాడు. వదినకు చెప్పు, భయపడొద్దని.

నీ చెల్లెలు
స్వప్న


బెంగుళూరు
15 నవంబరు

సెల్లెలు స్వప్నకు తిరుపాల్ రాసేది ఏమంటే,

నీ ఉత్తరం అంగడాయన తెచ్చిచ్చినాడు. మీ వదిన సదివి ఇనిపిచ్చింది. మల్ల నేను గూడ సదువుకొంటి. సదివేకొద్దీ కడుపు మండింది.

పిల్లోన్ని నీ తావ ఎందుకు ఇడిసిపెట్టినాము? మేమిద్దరం పనికొచ్చేస్తే ఊర్లో వాన్ని సూసేటోళ్లు లేరు, అత్త టీచరు, కండ్లల్లో పెట్టుకొని సూస్తాదని గదా. నువ్వేమో అందరి ముందర వాని మింద సాక్ష్యం సెప్తివి. పరాయోళ్ల పిల్లలే నోరు మూసుకొనుంటే సొంత అత్త నోరు తెరిసింది. ఆ ఈరన్న వాళ్లు మీ బడి ఉండే పల్లెలో పెద్ద కుటుంబమా? అన్నదమ్ములు మందిగా వచ్చి బడి మింద పడతారని భయపడితివా? నిజం సెప్పు.

వానికి నేనే సెప్పిండాను. పోయినసారి బస్సెక్కేటప్పుడు సెప్పినా. మేము దగ్గర లేము, ఎవడన్నా ఒగటి కొడితే నువ్వు రెండు కొట్టు, తలకాయ దించుకొని మాత్రం రావొద్దు అని. ఈడ నేను దినామూ దించుతానే ఉండా. ఇంట్లో ఒగడు దించింది సాలదా?

నువ్వు బడిలో కతలు సెప్తావు, పద్యాలు సెప్తావు, కొట్టుకోవద్దంటావు. అదంతా గోడల లోపల బాగుంటాది. గేటు దాటినాక మేస్త్రీ కేకలుండాయి, అంగడోని మాటలుండాయి. వానికి పనికొచ్చేది ఏం నేర్పినావు నువ్వు?

ఈ స్లాబు అయిపోతానే వచ్చి వాన్ని తోలుకొచ్చుకుంటా. సెంట్రింగు పని నేర్చుకుంటాడు. సదివింది సాలు.

తిరుపాల్


యెమ్మిగనూరు
22 నవంబరు

అన్నా,

సంతకం పైన "మీ అన్న" అని కూడా రాయలేదు నువ్వు. సరే.

ముందు ఒకటి సరిచెయ్యాలి. ఈరన్నకు అన్నదమ్ముల మంద లేదు. తండ్రి చనిపోయినాడు. తల్లి ఉచ్చీరమ్మ ఒక్కతే కూలికి పోయి సాకుతుంది. ఆమెకు నేను భయపడేదేముంది? ఆమె ఇంతవరకూ బడి గడప తొక్కి ఒక్క మాట అడగలేదు. అదే నాకు భయంగా ఉంది.

వాడికి ఏం నేర్పినావని అడిగినావు. నీకు ఫోన్లో చెప్పనిది ఇప్పుడు చెప్తాను. ఆ మంగళవారం పొద్దున తొమ్మిదో తరగతికి నేనొక కథ చెప్పినాను. తన చేలో గొర్రెలు దూరి పైరంతా మేస్తే, కాపరిని కొట్టడానికి కర్రెత్తి, కొట్టకుండా వదిలేసిన రైతు కథ. అయ్యాక అహింస గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. అందరికంటే బాగా రాసింది ఎవరనుకున్నావు? ప్రదీప్. ఐదుకు ఐదు వేసినాను. లేపి నిలబెట్టి వాడితోనే గట్టిగా చదివించినాను. ఆ మధ్యాహ్నమే వాడు బెంచీ కాలు ఎత్తినాడు.

ఇన్నేళ్లుగా నేను పిల్లలకు నేర్పుతున్నది అహింస మీద జవాబు రాయడమేనని ఆ సాయంత్రం తెలిసింది. ఉద్యోగం మానేద్దామా అని కూడా అనిపించింది. నవ్వకు.

మానలేదు. అదే కథ మళ్లీ చెప్పినాను. ఈసారి ప్రశ్నలివ్వలేదు. ఆ కాపరి ఇంట్లో ఆ సాయంత్రం ఏం జరిగి ఉంటుందో రాయమన్నాను. మంజుల అని ఒక అమ్మాయి ఉంది, కాపరి పెళ్లాం ఆ పూట గొర్రెల కాళ్లకు అంటిన పైరు మట్టి కడుగుతూ ఏమనుకుందో రాసింది. చదివి చాలాసేపు ఆ కాగితం పక్కన పెట్టలేకపోయినాను.

ప్రదీప్‌కు మాత్రం వేరే ఇచ్చినాను. "ఈరన్న ఇంట్లో ఆ రోజు" అని రాయమన్నాను. వాడు రెండే వాక్యాలు రాసిచ్చినాడు. "ఈరన్న అమ్మ ఏడ్చింది. చాలా బాధపడింది." ఆ కబురు తెలిసేసరికి ఆమె ఎక్కడుంది అని అడిగినా. తెలీదత్తా అన్నాడు. ఎవరు చెప్పినారు ఆమెకు? తెలీదు. ఏ పని చేస్తా ఉంది? తెలీదు. తెలీకుండా ఎట్ల రాస్తావురా అని కాగితం వెనక్కిచ్చేసినాను.

వాణ్ణి బడి మాన్పించొద్దు అన్నా. కావాలంటే నన్ను ఇంకో ఉత్తరం నిండా తిట్టు.

స్వప్న


బెంగుళూరు
1 డిసెంబరు

స్వప్నా,

మన ఊరోడు బజారి నిన్న మా సైటుకు వచ్చినాడు. టీ తాగుతా వాడు సెప్పిన మాట ఇని నాకు తల తిరిగింది. మా ప్రదీప్ ఆ ఈరన్న వాళ్లమ్మ ఎనకాల పత్తి తీస్తాండాడంట. ఒడి కట్టుకొని, సాళ్లల్లో, కూలోని మాదిరి. బజారి బస్సులో పోతా కండ్లారా సూసినాడు.

శిక్షనా ఇది? ఎవురేసినారు, మీ హెడ్మాస్టరా, నువ్వా? మేమిద్దరం ఈడ సిమెంటులో సేతులు పుండ్లు సేసుకొనేది వాడు సేలోకి పోకుండా ఉండల్లనే గదా. నువ్వు కాగితం మింద తియ్యగా రాస్తావు, ఈ ముక్క మాత్రం రాయకపోతివి.

పదైదో తేదీ ఆయితారం స్లాబు. అది అయితానే బస్సెక్కుతా. వాని బట్టలు సర్ది పెట్టు.

తిరుపాల్


యెమ్మిగనూరు
7 డిసెంబరు

అన్నా,

బట్టలు సర్దలేదు. చదివినాక సర్దమంటే సర్దుతాను.

వాణ్ణి నేను పంపలేదు. హెడ్మాస్టరూ పంపలేదు. పంపి ఉంటే వాడు పోయేవాడే కాదు, వాడు నీ కొడుకు. నేను నీకు రాయలేదు ఎందుకంటే, బజారి నీకు చెప్పేనాటికి నాకే తెలియదు. శనివారం సాయంత్రం కబడ్డీ ఉంది, వెనక ఆటోలో వస్తానంటే నమ్మినాను. నీ ఉత్తరం చూపించి అడిగితే అప్పుడు చెప్పినాడు. తర్వాత ఉచ్చీరమ్మ దగ్గరికి నేనూ పోయినాను. ఇద్దరి మాటా కలిపి రాస్తున్నా.

మొదటి శనివారం వాడు ఆమె పత్తి తీస్తున్న చేనికి పోయినాడంట.

"నువ్వేనా కొట్టినోడు?" అన్నదంట ఆమె.

"నేనే."

"ఏంటికొచ్చినావు ఈడికి?"

"ఆ పొద్దు నువ్వు యాడుంటివో అడగనీకి."

"అడిగి?"

"రాయల్ల."

ఆమెకు ఒళ్లు మండింది. "నా కొడుకు సెయ్యి ఇరగ్గొట్టి, దాని మింద రాసుకుంటావా? మార్కులేస్తారా నీకు? పో ఈడ్నించి," అని మట్టిబెడ్డ తీసుకుందంట. వెయ్యలేదు. వీడు పోలేదు. గట్టు మీద కూర్చున్నాడు. ఈరన్న సెలవు రోజుల్లో తల్లి పక్క సాలు తీసేవాడంట. ఆ సాలు అట్లే నిలబడి ఉంది, కాయలు పగిలి పత్తి వేలాడుతూ. కాసేపు చూసి వీడు లేచి ఆ సాలులోకి దిగినాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. పొద్దుగూకే ముందు, వీడు అడక్కుండానే, ఆ రోజు సంగతి తనే చెప్పిందంట. ఆ తర్వాతి శనివారం మళ్లీ పోయినాడు. బజారి చూసింది అదే.

వాడు మళ్లీ రాసింది నీకు పంపొచ్చా అని అడిగినాను. నాయనకు పంపు అన్నాడు. వాడి మాటల్లోనే ఎత్తి రాస్తున్నా:

"ఈరన్న అమ్మ ఆ రోజు చేలో ఉండింది. ఆటో ఆయన వచ్చి మీ వానికి దెబ్బ తగిలిందని చెప్పినాడు. ఆమె ఒడి నిండా పత్తి ఉండింది. కింద పోస్తే మట్టి అంటుతుంది. ఎవరికైనా ఇద్దామంటే అందరూ దూరం సాళ్లలో ఉండినారు. ఆమెకు ఏం తోచక ఒడితోనే ఆటో ఎక్కింది. ఆదోని ఆసుపత్రిలో నర్సు ఇదేందమ్మా అని అడిగితే అప్పుడు చూసుకుంది. కట్టు వేసేదాకా ఈరన్న ఆ పత్తి మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఆమె ఏడవలేదు. నేను ముందు ఏడ్చింది అని రాసినాను. అది నేను ఊరికే రాసినాను."

ఇంతే. దీనికి మార్కులెయ్యలేదు నేను.

ఎందుకు కొట్టినావో మాత్రం ఇప్పటికీ చెప్పడు. వదినను అడిగినానని చెప్పు.

స్వప్న


బెంగుళూరు, కొత్త సైటు
18 డిసెంబరు

సెల్లెలు స్వప్నకు,

వస్తానంటి, రాలేకపోతి. ఈడ ఒగ కత జరిగింది.

స్లాబు ముందురోజు మీ వదిన కంకర బొచ్చె ఎత్తుకొని పోతాంటే కాలు జారి బొచ్చె పడింది. సోమప్ప మేస్త్రీ వచ్చి జబ్బ పట్టి లాగి అవతలికి తోసినాడు. నోటికొచ్చిన మాట అన్నాడు. ఆ మాట రాయను. నేను ఆ పక్కనే కమ్మీలు కడతాండా. సేతికి దొరికిన రాడ్డు ముక్క ఎత్తుకొని పోతి. అందరూ పని ఆపి నిలబడినారు. మేస్త్రీ గోడకు ఆనుకున్నాడు, పోనీకి దావ లేదు.

ఆ మేస్త్రీ వాళ్లమ్మ షెడ్డు కాడ కూర్చోని మాకందరికీ వంటకు ఉల్లిగడ్డలు ఒలుస్తాండాది. ముసలామె. అరవలా. ఒలిసేది గూడ ఆపలా. నన్నే సూస్తా ఒలుస్తాండాది, సేతులు వాటికవే తిరుగుతాండాయి. అప్పుడు నాకు ఆ పత్తి ఒడి గ్యాపకమొచ్చింది. ఈయమ్మ ఆసుపత్రికి ఏమెత్తుకొని పోతాదో అనిపిచ్చింది. అంతే సెల్లెలా, అంతకంటే పెద్ద ఆలోసన ఏం ల్యా. రాడ్డు కింద పడేస్తి.

మనోళ్లే నవ్వినారు. పెండ్లాన్ని తోస్తే ఊరకుండాడు సూడు అన్నారు. తలకాయ ఎత్తలేకపోతి.

మిగిలింది మీ వదిన రాస్తాదంట.

స్వప్నా, నేను సరస్వతిని. నా రాత బాగుండదు, ఏమనుకోవాకు. మీ అన్న రాడ్డు ఎత్తినప్పుడు నాకు మా ప్రదీపు కనపడినాడు. దించినప్పుడు పానం లేచొచ్చింది. గాని మేస్త్రీ నవ్వు సూసి నాకు ఓర్వలేక పోయింది. ఆ మేస్త్రీ తప్పయిందని అనేదాకా బొచ్చె ముట్టనని ఇసుక కుప్ప మింద కూర్చుంటి. మీ అన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మల్ల ఇద్దరాడోళ్లు కూర్చునిరి. నవ్వినోళ్లు గూడ కడాకు కూర్చునిరి. లారీ వచ్చి నిలబడిపాయె. ఇంజనీరు వచ్చి అరిసినాక మేస్త్రీ గోడ దిక్కు సూస్తా తప్పయిందమ్మా అన్నాడు. స్లాబు అయినాక మాకిద్దరికీ పని లేదన్నారు. ఇప్పుడు ఊరికి ఆ పక్క ఇంకో సైటులో ఉండాము. ఈడ కూలి తక్కువ.

ఇది మల్ల నేను. నీ పాఠం సదివి మా పని పోయింది స్వప్నా. దెబ్బలాడుకోనీకి రాయలేదు ఈ మాట. నువ్వు సదువుకున్నావు, నువ్వే సెప్పు. మేము గెలిసినామా, ఓడినామా?

మీ అన్న
తిరుపాల్


యెమ్మిగనూరు
28 డిసెంబరు

అన్నకూ వదినకూ,

గెలిచినారో ఓడినారో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే అది కూడా ఐదు మార్కుల జవాబే అవుతుంది. మీ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగినాను. కూలోళ్ల బిడ్డలకు కొట్టొద్దు కొట్టొద్దని చెప్పి, కొట్టేవాళ్ల ముందు వంగేది నేర్పుతున్నానా అని భయమేసింది.

చివరికి పేర్లు లేకుండా క్లాసులో చెప్పినాను. ఒక సైటు, ఒక మేస్త్రీ, ఒక రాడ్డు అని. చెప్పేది సగంలో ఉండగానే ప్రదీప్ లేచి, "అది మా నాయన," అన్నాడు. నేను వాడికి ముందే చెప్పి ఉండాల్సింది, నీ ఉత్తరం నా సంచిలో ఉంటే తీసి చదివేసినాడు. క్లాసంతా రెండుగా చీలింది. సగం మంది కొట్టాల్సిందే అన్నారు. మంజుల లేచి, "రాడ్డు దించినాయన కంటే ఇసుక మీద కూర్చున్నామె గట్టిది మేడం," అన్నది. వదినా, అందరూ తిరిగి నీ కొడుకు వైపు చూసినారు. వాడి ముఖం నువ్వు చూసి ఉండాల్సింది.

అప్పుడు ఈరన్న లేచినాడు. కట్టు విప్పి నాలుగు రోజులైనా కాలేదు. "మేడం, కొట్టినోని గురించి అందరూ రాస్తాండారు. మాట అన్నోని గురించి ఎవురూ రాయలేదు. నేను రాస్తా," అన్నాడు. కుడిచెయ్యి ఇంకా తిరగదు, ఎడమచేత్తో పట్టి పట్టి రాసిచ్చినాడు. అక్షరాలు ఇంతింత లావు. వాడు ఆ మధ్యాహ్నం ప్రదీప్‌ను ఏమన్నాడంటే: "మీ అమ్మ నాయన నిన్ను ఇడిసిపెట్టి పోయినారు. మీ అత్తకు బిడ్డలు లేరని నిన్ను ఇచ్చేసినారు. ఇంగ రారు."

ఎందుకన్నావురా అంటే, "నాకు నాయన లేడు మేడం. వాడు దినామూ మా నాయన బెంగుళూరు నుంచి అది తెస్తాడు, ఇది తెస్తాడు అంటాంటే ఓర్వలేకపోయినా," అన్నాడు.

నువ్వు చెప్పిన మాట వల్లే, ఒకటికి రెండు అన్న మాట వల్లే, వాడు కొట్టినాడని ఇన్నాళ్లూ మనసులో నిన్ను తప్పు పడుతూనే ఉన్నాను. రాయలేదంతే. అది కాదన్నా. ఈరన్న అన్నది నిజమేమోనని భయపడి కొట్టినాడు. మనకు ఎందుకు చెప్పలేదో కూడా అర్థమయింది. చెప్తే మనం అవునంటామేమోనని.

ఇద్దరూ స్నేహితులైపోయినారని అనుకోవాకండి. పక్కపక్కన కూర్చోరు. ప్రదీప్ శనివారాలు పోతూనే ఉన్నాడు.

ఒక్కసారి రండి. వాణ్ణి తీసుకుపోవడానికి కాకుండా.

స్వప్న


బెంగుళూరు
5 ఫిబ్రవరి 2025

స్వప్నకు,

ఊరి నించి నిన్ననే ఈడికి సేరినా. షెడ్డులో ఒగన్నే ఉండా. మీ వదిన నీ తావే ఉండిపోయింది గాబట్టి ఈ ఉత్తరం ఆమె సదివి నీకు ఇనిపిస్తాదేమో, నువ్వు సదివి ఆమెకు ఇనిపిస్తావేమో. వాని పదో తరగతి అయిందాకా ఆడనే ఏదో ఒగ పని సూసుకుంటానని ఆమె అంటే నేను ఎదురు సెప్పలేకపోతి. మంచిదే అయింది. నువ్వు వంటలో ఉప్పెక్కువ ఏస్తావని అప్పుడే నా సెవిలో ఊదింది. ఇద్దరూ కొట్లాడుకోవాకండి.

నీ క్లాసులో ఎనక బెంచీ మింద కూర్చుంటే నాకు సెమటలు పట్టినాయి. పిల్లలు నన్ను మాట్లాడమంటే పేరు సెప్పి కూర్చుంటి, నువ్వు సూస్తివి గదా. నువ్వు సూడంది రాస్తాండా. నీ ముకం సూసి సెప్పలేక రాస్తాండా.

ఆ సాయంత్రం ఉచ్చీరమ్మ ఇంటికి పోయింది నేనొగన్నే. తప్పయిందని సెప్పల్లని దావంతా మాటలు సరిజేసుకొని పోతి. ఆయమ్మ గడపలోనే, "నీ కొడుకు పత్తి సుద్ధంగా తీయడు. ఆకంతా కలిపేస్తాడు. మల్ల నేను ఏరుకోవల్ల," అనె. నేను సరిజేసుకున్న మాటలన్నీ పోయినాయి. నీళ్లిచ్చింది, తాగితి. ఈరన్నను పిలిసి సెయ్యి సూపియ్యమంటి. ఎండిన పుల్ల మాదిరి సన్నగా అయింది. దాన్ని నా సేతుల్లో పెట్టుకొని సూస్తాంటే వాడు ఏళ్లు మూసి, తెరిసి, మల్ల మూసి సూపిచ్చినాడు. బాగయితాందని నాకు సెప్పనీకి. నాకు ధైర్యం సెప్పినాడు స్వప్నా ఆ పిల్లోడు. నేను తప్పయిందనలేదు, ఏడుపొచ్చింది. ఆయమ్మ అవతలికి తిరిగి పొయ్యి సూసుకొనె.

బస్టాండులో ప్రదీప్ నాతో పాటు బస్సెక్కి పక్కన కూర్చున్నాడు, కదిలేదాకా. అప్పుడడిగినాడు.

"నాయనా, రాడ్డు దించేటప్పుడు భయమయిందా?"

"అయిందిరా. అందరూ నవ్వుతారని."

"నవ్వినారా?"

"నవ్వినారు."

వాడు నా సంచి తీసి పైన పెట్టినాడు. మల్ల, "నాకు ఎత్తేటప్పుడు భయం కాలేదు. వాడు కింద పడినాక అయింది. ఇప్పుడు గూడ అయితాది," అన్నాడు. నేనేం సెప్పలా. ఏమన్నా సెప్తే వాడు ఆపేస్తాడని.

దిగేటప్పుడు, "మల్ల ఎప్పుడొస్తావు?" అన్నాడు. ఇంతకు ముందయితే నోటికొచ్చిన పండగ పేరు సెప్పేటోన్ని. ఈసారి, "తెలీదు నాయనా. తెలిసినప్పుడు ముందు నీకే రాస్తా," అంటి. సరే అన్నాడు. ఈ కొత్త సైటు కాడి అంగడాయన అడ్రసు ఒగ సీటీ మింద రాపిచ్చుకొని జేబులో పెట్టుకొనె. దిగి కిటికీ కిందికొచ్చి ఊస పట్టుకొని నిలబడినాడు. నేను వాని సేతి మింద సెయ్యేస్తి. పెద్దోడయినాడు గదా, పక్కన పిల్లలు సూస్తాండారు, తీసేస్తాడనుకుంటి.

తీయలా. బస్సు కదిలి నాలుగు అడుగులు పోయిందాకా అట్లే వచ్చినాడు.

మీ అన్న
తిరుపాల్